‘బేష్ బేష్’ నుంచి ‘ఊరికే రావు’ దాకా

మా అవ్వ టీవీలో మనుషులకి జవాబు చెప్పేది. వార్తలు చదివే ఆవిడకి కాదు, సినిమాలో ఏడ్చే హీరోయిన్‌కీ కాదు. యాడ్స్‌లో వచ్చేవాళ్ళకి. వుడ్‌వర్డ్స్ గ్రైప్ వాటర్ యాడ్ మీకు గుర్తుండే ఉంటుంది. పసిబిడ్డ ఏడుస్తుంది. ఏమైందని అడిగిన పెద్దావిడ, గ్రైప్ వాటర్ పట్టు, నీ చిన్నప్పుడు నేనూ నీకదే పట్టాను అంటుంది. ఆవిడ వెనక ఆవిడ తల్లి, ఆ తల్లి వెనక ఇంకో ముసలావిడ, అందరిదీ అదే మాట. అది వచ్చిన ప్రతిసారీ మా అవ్వ వక్క నములుతూ, “ఏమ్మే, మీ ఇండ్లల్లో ఒక్కదానికీ వాము దొరకలేదా?” అని అడిగేది. అన్ని తరాల ఆడవాళ్ళు కలిసి కూడా ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయారు.

ఇది మద్రాసు పెరంబూరులో, 1987 ప్రాంతంలో. మా నాయనకి ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఉద్యోగం. సొంతూరు నాయుడుపేట పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు, ఆదివారం పొద్దున రామాయణంలో హిందీ. అవ్వకి వీటిలో మొదటిది తప్ప ఏదీ రాదు. సీరియల్ కథ మేం విడమరిచి చెప్పాల్సి వచ్చేది గానీ, యాడ్ ఏదీ ఆమెకి చెప్పాల్సిన పని పడలేదు. అమ్మేవాడి మొహం, కొనేదాని మొహం చూస్తే చాలు, బేరం ఎక్కడ నడుస్తోందో తెలిసిపోయేది.

మొన్న సంక్రాంతికి మా పిన్ని కొడుకు వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. పాత యాడ్స్ అన్నీ అతికించినది. నిర్మా పాప గౌను వేసుకుని గిర్రున తిరుగుతోంది, సర్ఫ్ లలితాజీ కూరగాయలవాడితో బేరమాడుతోంది, రస్నా గ్లాసు పట్టుకున్న పాప నవ్వుతోంది, బజాజ్ స్కూటర్ పోతోంది. కింద వరసగా “మన బాల్యం”, “ఆ రోజులే వేరు”, దండాల బొమ్మలు. నాకెందుకో ఒళ్ళు మండింది. “ఇది మన బాల్యం కాదు, బొంబాయివాళ్ళు దేశమంతటికీ ఒకే కొలతతో కుట్టిచ్చిన యూనిఫాం” అని రాశాను. పండగ పూట నీకేం వచ్చిందని అందరూ తిట్టారు. మా పెదనాన్న కూతురు రెండు రోజులు మాట్లాడలేదు. అప్పుడు రెండు ముక్కల్లో చెప్పలేకపోయినదే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది. దూరదర్శన్‌లో యాడ్స్ వేయడం 1976 జనవరి 1 నుంచి. ఆ మరుసటి ఏడాది హైదరాబాద్ కేంద్రం వచ్చింది గానీ, పెరంబూరు మిద్దె మీద యాంటెన్నాని ఎన్ని వైపులు తిప్పినా మాకు హైదరాబాద్ దొరకలేదు. గూడూరు, సూళ్ళూరుపేట వైపు మా చుట్టాలకే మద్రాసు దొరికేది. అలా మా వాళ్ళలో రెండు జిల్లాలవాళ్ళం శుక్రవారం సాయంత్రం ‘ఒలియుం ఒళియుం’లో తమిళ పాటలు చూస్తూ పెరిగాం. ఆ పాటల ముందూ వెనకా వచ్చేవే నేను చెప్పే యాడ్స్. కాఫీ పొడి, పసుపు పొడి, నువ్వుల నూనె, బట్టల సబ్బు, పట్టుచీరల అంగళ్ళు. సగం వాటిలో కెమెరా వణికేది. రంగులు ఒకదాని మీద ఒకటి కారేవి. కానీ వాటిలో వాళ్ళు కూర్చున్న పీట మా ఇంట్లో ఉన్న పీటే. కాఫీ పోసుకున్న డవరా గ్లాసూ మాదే.

అన్నిటికీ రాణి నరసూస్ కాఫీ. “బేష్ బేష్, రొంబ నన్నాయిరుక్కు!” ఇప్పటికీ మద్రాసులో ఎవరైనా కాఫీ బాగుందని చెప్పాలంటే పెదాల మీదికి మొదట వచ్చేది అదే. నేను చాలా ఏళ్ళు ఆ మాటని ఊరికే విన్నాను. కాలేజీలో ఒక తమిళ స్నేహితురాలు చెబితే గానీ అందులో ఉన్న మెలిక తెలియలేదు. మామూలు జనం ‘నల్లాయిరుక్కు’ అంటారు. ‘నన్నాయిరుక్కు’ అనేది అగ్రహారం తమిళం, మైలాపూరు మామా, మామీల మాట. అంటే కాఫీ బాగుందని అందరూ అనుకోవచ్చు, కానీ సర్టిఫికెట్టు ఇచ్చే హక్కు ఆ యాసకే ఉంది. ఇక బట్టల సబ్బు దగ్గరికి వస్తే అదే టీవీలో యాస మారిపోయేది. చెరువు గట్టు, కొంగు దోపుకున్న ఆడమనిషి, మదురైకి అటు పక్క పలుకుబడి. షాంపూ అయితే ఏ ఊరిదో చెప్పలేని సినిమా తమిళం. ఏ యాస ఏ సరుకుని అమ్మవచ్చో ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు, కానీ అందరికీ తెలుసు. ఊళ్ళో ఏ వీధి ఎవరిదో తెలిసినట్టే.

పాత లోకల్ యాడ్స్‌లో నేను వెతికేది ఇదే. అమాయకత్వం అందులో లేదు. ఇరవై, ముప్పై సెకన్లలో పదిమందికీ నచ్చాలనుకునేవాడు ఆ ఊరి పద్ధతిని దాచలేడు. ఎవరి మాటకి విలువ, ఎవరి చేతికి పని, ఇంట్లో డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది, అన్నీ బయట పడేస్తాడు.

మరి మా తెలుగు? అక్కడే నాకు దిగులు. మద్రాసులో ఇంతమంది తెలుగువాళ్ళం. టీ నగర్ పేరులోని త్యాగరాయ చెట్టి తెలుగు ఇంటివాడు. దాని నడిమధ్యలో ఉన్న పార్కు ఇంకో తెలుగాయన, పానగల్ రాజా పేరున ఉంది. అలాంటి ఊళ్ళో మా మాట ఒక్క అగ్గిపెట్టె కూడా అమ్మలేదు.

మొదటి నుంచీ ఇలా లేదు, అది ఇంకా చిత్రం. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, 1914లో మద్రాసుకి తెచ్చుకున్నారు. అదే ఏడు ఆంధ్రపత్రిక ఇక్కడ దినపత్రిక అయింది. ఆయన అమృతాంజనాన్ని సంగీత కచేరీల్లో ఉచితంగా పంచేవారట. గంటల తరబడి కూర్చుని తల ఊపే జనానికి తలనొప్పి మందు! అంతకన్నా తెలివైన యాడ్ నేను ఇంతవరకూ చూడలేదు. ఇంకో పక్క డాక్టర్ కె.ఎన్. కేసరి. ఆయన మందుల కంపెనీ కేసరి కుటీరం, ఆడవాళ్ళ కోసం చేసిన మందు లోధ్ర, ఆయనే నడిపిన గృహలక్ష్మి పత్రిక. మందు అమ్మిన చేత్తోనే రచయిత్రులకి స్వర్ణకంకణం తొడిగారు. అవన్నీ మద్రాసులో తెలుగువాళ్ళు తెలుగులో ఆలోచించి, తెలుగువాళ్ళకి అమ్మిన సరుకులు. మా ఇంట్లో చందమామ పాత సంచికల వెనక అట్టల మీద ఉండే ప్రకటనలు కూడా కథల్లాగే చదివేదాన్ని. టీవీ వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. తెలుగు యాడ్ అంటే ఇంకో భాషలో తీసిన దాని మీద కప్పిన దుప్పటి అయింది.

ఆ దుప్పటి నేను కూడా కుట్టాను. 1997 నుంచి దాదాపు మూడేళ్ళు మద్రాసు సాలిగ్రామంలో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో యాడ్స్‌కి తెలుగు మాటలు రాశాను. ఒక్కోదానికి 150 రూపాయలు. అప్పటికి తెలుగు సినిమా దాదాపుగా హైదరాబాద్ వెళ్ళిపోయింది. వెళ్ళలేని డబ్బింగ్ ఆర్టిస్టులు వడపళని చుట్టుపక్కలే ఉండిపోయారు. ఒకప్పుడు హీరోయిన్లకి గొంతు ఇచ్చిన తెనాలి ఆవిడ ఒకరు మా దగ్గర ఫ్లోర్ క్లీనర్‌కి గొంతు ఇచ్చేది. మైకు ముందు నిలబడితే ఇప్పటికీ కళ్ళలో నీళ్ళు తెప్పించగలదు. ఫ్లోర్ క్లీనర్‌కి కన్నీళ్ళు ఎందుకని ఇంజినీరు నవ్వేవాడు.

పని ఎలా ఉండేదంటే, బొంబాయి నుంచి హిందీ యాడ్ టేపు వస్తుంది. 20 సెకన్లు. అందులో తెలుగు మాటలు మహా అయితే 40 పడతాయి. హిందీ మనిషి నోరు ఎక్కడ మూస్తే అక్కడ మనకి ప, బ, మల్లో ఒకటి పడాలి, లేకపోతే పెదాలు కలవవు. హిందీ వాక్యం ‘హై’ అని నోరు తెరిచి ఆగుతుంది, మన వాక్యం ‘ఉంది’ అని ముడుచుకుంటుంది. అందుకే ఆ రోజుల్లో తెలుగు యాడ్స్‌లో ఆడవాళ్ళు ప్రతి వాక్యం చివరా ‘కదా!’ అంటుండేవాళ్ళు. వాళ్ళకి ఏదో సందేహం ఉందనుకునేరు. సందేహం కాదు, దవడ. అర్థం ఆఖరున చూసుకునేవాళ్ళం. ‘చర్మాన్ని లోపలి నుంచి పోషిస్తుంది’ అని నేను రాసినదే ఒకసారి టీవీలో వస్తే, “లోపలికి పొయ్యి ఏం జేస్తాది?” అని అవ్వ అడిగింది. రాసింది నేనేనని ఆమెకి చెప్పలేదు.

క్లయింటు తరఫున వచ్చే ఆయనకి తెలుగు రాదు. రికార్డు చేసినదాన్ని ఫోన్లో హైదరాబాద్ డీలర్‌కి వినిపించి ఓకే అనిపించుకునేవాడు. ఒకసారి వంటనూనె యాడ్‌లో నేను ‘ఎర్రగడ్డలు దోరగా వేగి’ అని రాశాను. మా ఇంట్లో ఉల్లిపాయని ఎర్రగడ్డ అనే అంటాం. నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లో, మద్రాసు తెలుగు ఇళ్ళలో అందరూ అంతే. ఫోను అవతల డీలరు ఒకటే నవ్వు. ఎర్రగడ్డ అంటే హైదరాబాద్‌లో పిచ్చాసుపత్రి ఉన్న పేట. “మా నూనెతో ఆసుపత్రిని వేయిస్తారా?” అన్నాడట. మాట మార్చాం. ఆ తర్వాత ‘చెనక్కాయలు’ పోయి ‘వేరుశనగలు’ వచ్చాయి, ‘అంగడి’ పోయి ‘షాపు’ వచ్చింది. నేను తప్పని అనుకోలేదు, అప్పుడు. అది ఉద్యోగం. స్టాండర్డ్ తెలుగు అని దానికో పేరు కూడా ఉండేది. ఆ స్టాండర్డ్ ఎవరింట్లో మాట్లాడతారో వాళ్ళ అడ్రసు మాత్రం నాకింకా దొరకలేదు. (ఆఖరి మూడు నెలల డబ్బులూ దొరకలేదు. ఆ స్టూడియో ఇప్పుడు లేదు కాబట్టి ఆ గొడవ వదిలేస్తాను.)

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. అదే పేటల్లో అంతకు పదేళ్ళ ముందు, ఇంకా దిలీప్ అనే పిలిపించుకుంటున్న ఒక కుర్రాడు యాడ్స్‌కి సంగీతం చేసేవాడు. 1987లో ఆయన చేసిన మొదటి జింగిల్ ఆల్విన్ వాచీలకి. హైదరాబాద్ ఆల్విన్! తర్వాత లియో కాఫీ యాడ్, ఇంకా వందల జింగిల్స్, 1992లో రోజా. ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు. హైదరాబాద్ వాచీకి మద్రాసు తాళం కుదిరింది. సంగీతానికి ఎవరూ హైదరాబాద్‌కి ఫోన్ చేసి ఓకే అడగలేదు కాబోలు.

తమిళ యాడ్స్ మాత్రం మా తెలుగులోకి హాయిగా నడిచి వచ్చేశాయి. ఆషాఢం సేల్ అని ఆంధ్రాలో అంటారు. మేం ‘ఆడి తళ్ళుబడి’ అంటాం. మా అమ్మ బీరువాలో చీరలకి అదే పంచాంగం, ఇది పోయిన ఆడిలో కొన్నది, అది అంతకుముందు ఆడిది. తళ్ళుబడి చీర కట్టుకుని ముహూర్తానికి పోకూడదని ఆమెకి ఒక నియమం. వాయిదాల మీద కొనడం ‘తవణ’. బంగారంలో తరుగు ‘సేదారం’. మిక్సీ గురించి ఎవరైనా అడిగితే మా మామయ్య ఛాతీ మీద చెయ్యి వేసుకుని “ప్రీతిక్కు నాన్ గ్యారంటీ” అని ప్రీతి మిక్సీ యాడ్‌లో మాటే అంటాడు, ఆయన ఇంట్లో ఉన్నది వేరే కంపెనీదైనా సరే. అమ్మకం మాటలు అప్పు తెచ్చుకున్నాం, వడ్డీ ఎవరూ అడగలేదు.

1993లో సన్ టీవీ, 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక అంగడి యజమానులే తెర మీదికి వచ్చేశారు. నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇది, నలుగురూ వెక్కిరించేదీ ఇదే. వసంత్ అండ్ కో వసంతకుమార్ 1978లో చిన్నగా మొదలుపెట్టి, తన నవ్వు మొహాన్నే కంపెనీ బొమ్మ చేసుకున్నారు. ఫ్రిజ్ కొనాలంటే ఫ్రిజ్ కంపెనీ కంటే ఆ నవ్వుని చూసి పోయేవాళ్ళు. (తెలంగాణ గవర్నరుగా చేసిన తమిళిసై ఆయన అన్న కూతురే. ఆయన ఎంపీగా ఉండగా 2020లో కోవిడ్‌తో పోయారు.) శరవణా స్టోర్స్ యజమాని లెజెండ్ శరవణన్ అయితే హన్సిక, తమన్నాల పక్కన తనే డాన్సు చేశాడు. ఊరంతా మీమ్స్ చేసుకుంది. ఆయన నొచ్చుకున్నట్టు లేదు, 2022లో ఏకంగా హీరోగా సినిమా తీశాడు. నవ్వేవాళ్ళని నేనొకటి అడుగుతాను. కోట్లు తీసుకునే హీరో వచ్చి, జన్మలో అడుగుపెట్టని అంగడిలో చీర పట్టుకుని నవ్వితే అది గౌరవమా? అంగడాయన తన అంగడి ముందు తనే నిలబడి రమ్మంటే అది వెకిలితనమా? టీ నగర్ రంగనాథన్ వీధిలో అంగడి ముందు గొంతు చించుకుని పిలిచేవాడి వరసే కదా అది. వాడు టీవీలోకి వచ్చాడు, అంతే తేడా.

అదే వరసలో మా వాడొకాయన వచ్చాడు. లలితా జ్యువెలరీ కిరణ్ కుమార్. అంగడి టీ నగర్‌ది, మనిషి నెల్లూరు నుంచి వచ్చినాయన. గుండు, తెల్ల చొక్కా, వెనక ఏ హీరోయినూ లేదు. కెమెరా వైపు చూసి “డబ్బులు ఎవరికీ ఊరికే రావు” అన్నాడు. తెలుగు దేశమంతా ఒక్కసారిగా తల తిప్పింది. మీమ్స్ వచ్చాయి, పెళ్ళి వీడియోల్లో పెట్టుకున్నారు, పిల్లలు ఐస్‌క్రీం అడిగితే తండ్రులు అదే అన్నారు. ఎందుకు అంతలా అతుక్కుందో సాలిగ్రామంలో మూడేళ్ళు మాటలు కుట్టినదానిగా నాకు తెలుసు. అది అనువాదం కాదు. ఏ హిందీ నోటికీ అతికించాల్సిన పని లేదు. నగలమ్మేవాడు నగ గురించి కాక డబ్బు గురించి మాట్లాడాడు, అదీ మా నాయన జీతం కవరు అమ్మ చేతికి ఇస్తూ మాట్లాడినట్టే. ‘మీ కలలని నిజం చేసే బంగారు క్షణాలు’ లాంటి వాక్యం నేను రాసి ఉంటే 150 రూపాయలు వచ్చేవి, ఎవరికీ గుర్తుండేది కాదు. మొదటిసారి ఆ యాడ్ చూసినప్పుడు నాకు నవ్వు రాలేదు. మద్రాసులో కూర్చుని, మా వైపు మనిషి, మామూలు గొంతుతో ఒక సరుకు అమ్ముతున్నాడు అనిపించింది. ఇన్నేళ్ళకి.

ఇదంతా చదివి నేను ఆ యాడ్స్‌కి గుడి కడుతున్నాననుకోకండి. తెల్లబడే క్రీములవాళ్ళు నల్లగా ఉన్న మా అక్కని ఎంత ఏడిపించారో నాకు తెలుసు. పెళ్ళిచూపులకి ముందు ఆరు వారాలు అని లెక్కపెట్టి పూసుకునేది. మసాలా పొడి యాడ్స్‌లో మొగుడు ఇప్పటికీ వంటగది గడప దాటి లోపలికి రాడు, వాసన చూసి మెచ్చుకుంటాడు. అక్షయ తృతీయకి బంగారం కొనకపోతే ఏదో పాపం అన్నట్టు ఇప్పుడు జనం పొద్దున ఆరింటికి క్యూ కడుతున్నారు. మా అవ్వ ఆ రోజు నీళ్ళ కుండ దానం ఇచ్చేది, బంగారం ఊసే ఎత్తిన గుర్తు లేదు. ఊరి పద్ధతిని చూపించే అద్దమే ఊరికి కొత్త పద్ధతులు నేర్పుతుంది కూడా. కానీ ఆ తప్పుల్ని పట్టుకోవాలన్నా మన యాడ్స్ మనకి గుర్తుండాలి. నిర్మా పాప గిర్రున తిరగడం చూస్తే మా అక్క గుర్తుకు రాదు.

మా అక్క కూతురి పెళ్ళికి గాజులు కొనాలని పోయిన నెల అమ్మని టీ నగర్ తీసుకుపోయాను. ఆమెకిప్పుడు 74. యాడ్‌లో కిరణ్ కుమార్ చెబుతాడు కదా, రేటు చీటీ ఫోటో తీసుకోండి, నాలుగు చోట్ల పోల్చి చూడండి అని. అమ్మ ఆ మాటని చట్టం లాగా పట్టుకుంది. ఉస్మాన్ రోడ్డులో మూడు అంగళ్ళు ఎక్కాం, ప్రతి చోటా ఫోటో. ఒక చోట సేల్స్ కుర్రాడు మా మాటలు విని, “మీరు నెల్లూరా మా?” అని తెలుగులోకి దిగాడు. వాడిది కావలి. అమ్మ వాడి పెళ్ళి సంగతి, జీతం సంగతి అన్నీ అడిగి, గాజులు కొనకుండా దీవించి వచ్చింది.

సాయంత్రం పెరంబూరు వచ్చి, నలభై ఏళ్ళుగా మాకు చేసే ఆచారి దగ్గర కూర్చున్నాం. అంగడి అంటే ఒక గల్లాపెట్టె, ఒక త్రాసు, గోడ మీద కామాక్షమ్మ పటం. ఆయనకి యాడ్ లేదు, బోర్డు మీద పేరు కూడా సగం చెరిగిపోయింది. అమ్మ ఫోను ఆయన చేతికిచ్చింది.

“ఎంత చెప్పినాడు మా ఆ గుండాయన?”

అద్దాలు పైకి తోసుకుని ఫోటోని వేళ్ళతో పెద్దది చేయబోయాడు. అది జరిగిపోయి మా అక్క మనవడి ఫోటో వచ్చింది. వాడిని కాసేపు చూశాడు. మళ్ళీ వెనక్కి జరిపి సేదారం దగ్గర వేలు పెట్టి, పెదాలతో లెక్క వేసుకుని, ఫోను అమ్మకి తిరిగి ఇచ్చేశాడు.

“ఒకటి తగ్గిస్తా మా. గాజు లావు చెప్పు.”